భోజనానికి అరగంట: బరువు తగ్గే ఆపరేషన్ తర్వాత మళ్లీ పనిలోకి

(బరువు తగ్గే శస్త్రచికిత్స చేయించుకున్నవారు, వారి కుటుంబసభ్యులు, కొన్ని సంస్థల అధికారులు హాజరైన సభలో ఒక ఆసుపత్రి పోషకాహార నిపుణురాలు చేసిన ప్రసంగ పాఠం)

అందరికీ నమస్కారం. ఆదివారం పొద్దున్నే ఇంటి పనులు పక్కన పెట్టి ఇంతమంది వచ్చారు, చాలా సంతోషం. ఆపరేషన్ చేయించుకున్నవారితో పాటు అమ్మలు, అత్తగార్లు, భర్తలు, కంపెనీల నుంచి హెచ్‌ఆర్ అధికారులు కూడా రావాలని మేము పట్టుబట్టి పిలిచాం. నేను చెప్పబోయే మాటల్లో సగానికి పైగా మీ కోసమే.

డిశ్చార్జి అయ్యే రోజు దాదాపు అందరూ అడిగే ప్రశ్న ఒకటి ఉంది. “మేడమ్, డ్యూటీలో ఎప్పుడు చేరవచ్చు?” జవాబు చెప్పడం కష్టమేమీ కాదు. ఇప్పుడు ఈ ఆపరేషన్లు ఎక్కువగా లాప్రోస్కోపీ పద్ధతిలో, చిన్న చిన్న రంధ్రాల ద్వారా జరుగుతున్నాయి. కుర్చీలో కూర్చుని చేసే ఉద్యోగమైతే సాధారణంగా 2 నుంచి 3 వారాల్లో వెళ్లవచ్చు. రోజంతా నిలబడే పని, బరువులెత్తే పని, పొలం పని అయితే 4 నుంచి 6 వారాలు ఆగాలి. మీ సర్జన్ మిమ్మల్ని పరీక్షించి తేదీ చెబుతారు, ఫిట్‌నెస్ సర్టిఫికెట్ రాసి ఇస్తారు. మెడికల్ సర్టిఫికెట్ మీద కమ్యూటెడ్ లీవు పెట్టిన ప్రభుత్వోద్యోగులు తిరిగి చేరేటప్పుడు ఆ కాగితం వెంట తీసుకెళ్లడం మరిచిపోకండి.

అయితే అడగవలసిన ప్రశ్నలు ఇంకా ఉన్నాయి. చేరిన రోజు మధ్యాహ్నం ఒంటి గంటకు ఎక్కడ కూర్చుని తింటారు? ఎంతసేపు తినగలరు? నీళ్లు ఎప్పుడు తాగుతారు? తాగితే మరుగుదొడ్డి దగ్గరలో ఉందా? సాయంత్రం ఇంటికి వచ్చాక మీ కంచంలో ఎవరు వడ్డిస్తారు, ఎంత వడ్డిస్తారు? ఆపరేషన్ కొన్ని గంటల్లో సర్జన్ చేతిలో అయిపోతుంది. ఆ తర్వాత మీ ఆరోగ్యం నడిచేది ఈ ప్రశ్నల మీదే. వీటికి జవాబులు ఒక్క రోగి చేతిలోనే లేవు. కొన్ని ఆఫీసు చేతిలో, కొన్ని ఇంట్లోవాళ్ల చేతిలో ఉన్నాయి. నా మాటంతా దీని గురించే.

లోపల ఏం మారిందో ముందు చూద్దాం. స్లీవ్ అనే రకం ఆపరేషన్‌లో జీర్ణాశయంలో దాదాపు నాలుగింట మూడు వంతులు, కొందరికి అంతకంటే కాస్త ఎక్కువే తీసేస్తారు. మిగిలేది సన్నటి గొట్టం. అందులో పట్టేది 100 నుంచి 150 మిల్లీలీటర్లు, అంటే ఒక చిన్న టీ గ్లాసుడు. ఆకలి పుట్టించే గ్రెలిన్ అనే హార్మోను ఎక్కువగా తయారయ్యే భాగం కూడా దాంతోపాటే పోతుంది కాబట్టి మొదటి నెలల్లో ఆకలి బాగా తగ్గుతుంది. గ్యాస్ట్రిక్ బైపాస్ అనే ఇంకో రకంలో అయితే పైన సుమారు 30 మిల్లీలీటర్లు పట్టే చిన్న సంచిని మాత్రమే ఉంచి, దాన్ని చిన్నపేగులో కిందిభాగానికి కలుపుతారు. తిన్నది చిన్నపేగు మొదటి భాగాన్ని తాకకుండానే కిందికి వెళ్లిపోతుంది. ఇనుము, కాల్షియం ప్రధానంగా ఒంటికి పట్టేది ఆ మొదటి భాగంలోనే. ఆపరేషన్ అయినవాళ్లు మాత్రలు జీవితాంతం వేసుకోవాలని మేము ఎందుకు పోరుతామో దీన్నిబట్టి అర్థమవుతుంది.

ఇక పనిలో చేరిన మొదటి రోజులు. అప్పటికి మీరు ఇంకా ద్రవాహారం మీదో, మెత్తగా గుజ్జు చేసిన ఆహారం మీదో ఉంటారు. రోజుకు ఒంటికి అందే శక్తి మామూలుగా తినేదాంట్లో మూడో వంతు కూడా ఉండదు. అందుకే మధ్యాహ్నం మూడింటికి కాళ్లలో సత్తువ పోయినట్టు ఉంటుంది. ఆపరేషన్ వికటించిందని భయపడకండి. శరీరం నిల్వ కొవ్వును కరిగించుకుని నడవడం నేర్చుకుంటోంది, దానికి కొంత సమయం పడుతుంది. వీలైతే గురువారం చేరండి. రెండు రోజులు పనిచేసేసరికి వారాంతపు విశ్రాంతి దొరుకుతుంది. మొదటి రెండు వారాలు సగం పూట పనికో, ఇంటి నుంచి పనికో అనుమతి అడగండి. హెచ్‌ఆర్ వారికి నా మనవి ఏమిటంటే, ఈ రెండు వారాలు మీరు సర్దుకుంటే మనిషి నిలదొక్కుకుంటాడు. తొందరపెడితే నెల తిరక్కుండానే మళ్లీ సెలవు చీటీ వస్తుంది.

బండి నడపడం గురించి కూడా అడుగుతారు. మత్తు కలిగించే నొప్పి మందులు పూర్తిగా మానేసి ఉండాలి. హఠాత్తుగా బ్రేకు తొక్కవలసి వస్తే పొట్టలో నొప్పి వెనక్కి లాగకుండా తొక్కగలగాలి. ఈ రెండూ కుదిరాకే బండి తీయండి. గుంతల రోడ్డు మీద ద్విచక్ర వాహనం కంటే మొదట్లో మెట్రో, బస్సు, కారు మేలు. గంటల తరబడి కదలకుండా కూర్చోవడం మాత్రం మంచిది కాదు, కాళ్ల రక్తనాళాల్లో గడ్డలు కట్టే ప్రమాదం ఆపరేషన్ తర్వాత కొన్ని వారాల పాటు ఉంటుంది. గంటకోసారి లేచి నాలుగు అడుగులు వేయండి.

నీళ్ల సంగతి కాస్త వివరంగా చెప్పాలి. ఆపరేషన్ తర్వాత మళ్లీ ఆసుపత్రికి రావలసి రావడానికి ప్రధాన కారణాల్లో ఒంట్లో నీరు తగ్గిపోవడం ఒకటి. రోజుకు కనీసం లీటరున్నర, వీలైతే రెండు లీటర్లు లోపలికి వెళ్లాలి. ఇదివరకైతే చెంబెడు నీళ్లు గటగటా తాగేసేవాళ్లం. ఇప్పుడు ఒక్కో గుక్కే పడుతుంది. ఉదయం నుంచి రాత్రి వరకు గుక్క గుక్కగా తాగితేనే ఆ లెక్క పూర్తవుతుంది. ఏసీ గదిలో దాహం తెలియదు, సమావేశంలో ఉంటే గుర్తుండదు. అందుకని సీసా బ్యాగులో దాచకుండా బల్ల మీద కళ్లెదురుగా పెట్టుకోండి. మూత్రం ముదురు పసుపుగా వస్తున్నా, లేచి నిలబడితే కళ్లు తిరుగుతున్నా నీళ్లు చాలలేదన్నమాట.

మన దగ్గర దీనికి ఇంకో పెద్ద అడ్డంకి ఉంది. ఆడవాళ్లు ఉద్యోగానికి బయలుదేరితే కావాలనే నీళ్లు తాగరు. మహిళా కండక్టర్లను అడగండి, పల్లెటూరి బడిలో పనిచేసే టీచర్లను అడగండి, బట్టల దుకాణంలో రోజంతా నిలబడే అమ్మాయిలను అడగండి. శుభ్రమైన మరుగుదొడ్డి ఉండదు, ఉన్నా వెళ్లిరావడానికి వదలరు. అందుకని పొద్దున్నుంచి సాయంత్రం దాకా గొంతు ఎండగట్టుకుంటారు. ఏ మనిషికైనా ఇది హానే. కడుపు ఆపరేషన్ అయిన మనిషి ఇలా చేస్తే వారం తిరక్కుండా సెలైన్ ఎక్కించవలసి రావచ్చు, ఇదే అలవాటైతే మూత్రపిండాల్లో రాళ్లు ఏర్పడే ప్రమాదమూ ఉంది. సిబ్బందికి నీళ్లు తాగే వీలు, మరుగుదొడ్డికి వెళ్లే వీలు కల్పించడాన్ని ఎవరూ దయగా లెక్కపెట్టకూడదు. ఈ మాట నేను ఎక్కడైనా నిలబడి చెబుతాను.

ఇప్పుడు మధ్యాహ్న భోజనం. ఒక టీచర్ గారినే ఊహించుకుందాం. ఆపరేషన్ అయి మూడు నెలలైంది, మామూలు ఆహారంలోకి వచ్చారు. గంట కొట్టారు. పిల్లలను వరుసలో పంపించి, చేతులు కడుక్కుని, స్టాఫ్ రూములో కూర్చునేసరికే పది నిమిషాలు పోయాయి. డబ్బా తీశారు. ఉడికించిన గుడ్డు ఒకటి, గట్టి పప్పు మూడు నాలుగు చెంచాలు, కాస్త సొరకాయ కూర, రెండు చెంచాల అన్నం. ముందు గుడ్డు, పప్పు తినాలి. తర్వాత కూర. చోటు మిగిలితేనే అన్నం. చిన్న చెంచాతో తీసుకోవాలి, ఒక్కో ముద్ద పూర్తిగా గుజ్జయ్యే వరకు నమలాలి, మింగాక చెంచా కింద పెట్టి కాసేపు ఆగాలి. ఇలా తింటే ఆ కొంచెం తిండికే ఇరవై నిమిషాల నుంచి అరగంట పడుతుంది. అంతలో ముక్కు వెంట నీళ్లు కారడమో, ఒక వెక్కిళ్ల శబ్దమో, తుమ్మో వస్తుంది. కడుపు నిండిందని శరీరం చెప్పే మాట అది. అక్కడ ఆగాలి, డబ్బాలో ఇంకా రెండు చెంచాలు మిగిలినా సరే.

కానీ గంట కొట్టే వేళ దగ్గర పడుతోంది. ఆవిడ తొందరపడి ఆ రెండు చెంచాలూ సరిగా నమలకుండా మింగారు. ఛాతీ మధ్యలో ఏదో పట్టేసినట్టు అవుతుంది. నోట్లో లాలాజలం ఊరుతూనే ఉంటుంది. లేచి కుళాయి దగ్గరికి పరుగెత్తుతారు, తెల్లటి నురగ వస్తుంది. వెనక కూర్చున్న తోటి టీచర్లు, “చూశారా, ఆ ఆపరేషన్లు మంచివి కావని అప్పుడే చెప్పాం” అనుకుంటారు. ఆపరేషన్‌లో ఏ లోపమూ లేదండి. ఆవిడకు ఇంకో పది నిమిషాల సమయం దొరకలేదు, అంతే. భోజనానికి కచ్చితంగా అరగంట, ఎవరూ పిలవని, ఫోను మోగని అరగంట ఇవ్వండి. ఏ సంస్థనైనా నేను మొట్టమొదట కోరేది ఇదే. దీనికి ఖర్చు లేదు.

మన తెలుగు భోజనంలో ఇంకో చిక్కు ఉంది. మనం చారన్నం తింటాం, చివర్లో మజ్జిగన్నం తింటాం. అంటే తినడం, తాగడం ఒకేసారి జరిగిపోతాయి. ఈ ఆపరేషన్ తర్వాత ఘనాహారంతో పాటు ద్రవం తీసుకోకూడదు. చిన్న కడుపులో ద్రవం పడితే తిన్నది త్వరగా కిందికి జారిపోతుంది, గంటకే మళ్లీ ఆకలేస్తుంది, లేదా రెండింటికీ చోటు చాలక బయటికి వస్తుంది. భోజనం చేసిన అరగంట తర్వాతే ఏదైనా తాగాలి. చారు, మజ్జిగ మానక్కర్లేదు. పదకొండింటికి ఒక గ్లాసు పలుచటి మజ్జిగ, సాయంత్రం ఆరింటికి వేడి చారు, వేరుగా, తాగడానికి మాత్రమే. ఇలా అలవాటు చేసుకున్నవాళ్లకు ఒంట్లో నీటి కొరతా ఉండదు, మన రుచీ దూరం కాదు.

మాంసకృత్తులు, అంటే ప్రొటీన్, రోజుకు కనీసం 60 గ్రాములు అందాలి. ఒక గుడ్డులో 6 గ్రాములు ఉంటుంది. పాలు 250 మిల్లీలీటర్లు తాగితే 8 గ్రాములు. వంద గ్రాముల పనీరులో సుమారు 18. వండిన కోడిమాంసం వంద గ్రాములైతే 25 దాటుతుంది. ఇడ్లీ ఒక్కోదానిలో రెండు గ్రాములే. ఇడ్లీ మెత్తగా ఉంటుంది, హాయిగా దిగుతుంది, అందుకని చాలామంది మూడు పూటలా దాని మీదే బతికేస్తారు. బరువు తగ్గుతుంది కానీ కండ కరిగిపోతుంది, జుట్టు ఊడుతుంది, మెట్లెక్కితే ఆయాసం వస్తుంది. ఆఫీసు క్యాంటీన్లలో దొరికేవి ఇడ్లీ, ఉప్మా, పూరీ, పులిహోర. వీటి మధ్య గుడ్డు, పెసరట్టు, ఉడికించిన శనగలు, గట్టి పెరుగు కూడా పెట్టమని క్యాంటీను వారిని అడగండి. శాకాహారులకు మొదటి నెలల్లో ప్రొటీన్ పొడి లేకుండా లెక్క కుదరడం కష్టం. ఏది తీసుకోవాలో మీ డైటీషియన్‌ను అడిగే కొనండి.

తీపి విషయం. ఆఫీసులో రోజూ ఎవరిదో ఒకరిది పుట్టినరోజు, ఎవరికో ప్రమోషన్, ఎవరింట్లోనో గృహప్రవేశం. ముఖ్యంగా బైపాస్ అయినవాళ్లు ఒక కేకు ముక్కో, రెండు కోవా బిళ్లలో తింటే పది నిమిషాల నుంచి అరగంటలోపే గుండె దడ, చెమటలు, కడుపులో మెలిపెట్టినట్టు నొప్పి, విరేచనం రావచ్చు. చక్కెర ఒక్కసారిగా పేగులోకి దూకడం వల్ల వచ్చే ఈ ఇబ్బందిని డంపింగ్ అంటారు. కొందరికి గంట నుంచి మూడు గంటల తర్వాత రక్తంలో చక్కెర పడిపోయి చేతులు వణుకుతాయి, కళ్లు బైర్లు కమ్ముతాయి. బండి నడిపేవాళ్లకు, యంత్రాల దగ్గర పనిచేసేవాళ్లకు ఇది ప్రాణం మీదికి తెచ్చే విషయం. పంచదార వేసిన టీ, సీసా శీతల పానీయాలు, పండ్ల రసాలు కూడా ఇదే పని చేస్తాయి. బెల్లమైతే ఫరవాలేదనుకుంటారు చాలామంది. ఈ విషయంలో బెల్లం, తేనె, పంచదార మూడూ ఒకటే.

మాత్రలు. విటమిన్ బి12, ఇనుము, కాల్షియం, విటమిన్ డి, వీటితో పాటు మల్టీవిటమిన్. ఇనుము మాత్రకూ కాల్షియం మాత్రకూ మధ్య రెండు గంటలు ఎడం ఉండాలి, లేకపోతే ఇనుము సరిగా పట్టదు. ఇనుము మాత్ర వేసుకునే వేళ టీ, కాఫీ తాగకండి. చాలామంది ఏడాది బాగా వేసుకుని, ఆరోగ్యం కుదుటపడింది కదా అని మానేస్తారు. బి12 నిల్వలు కాలేయంలో చాలాకాలం ఉంటాయి కాబట్టి లోటు వెంటనే బయటపడదు. బయటపడేసరికి పాదాల్లో తిమ్మిర్లు, నడకలో తూలుడు, మతిమరుపు వస్తాయి, నరాలకు జరిగిన నష్టం అన్నిసార్లూ పూర్తిగా వెనక్కి రాదు. మొదటి ఏడాది 3, 6, 12 నెలలకు, ఆ తర్వాత ఏటా రక్తపరీక్షలు చేయించుకోండి.

నొప్పి మాత్రల గురించి జాగ్రత్త. నడుము నొప్పి అనగానే మందుల దుకాణంలో డైక్లోఫెనాక్, ఐబుప్రొఫెన్ చేతిలో పెడతారు. బైపాస్ అయినవాళ్లకు ఇవి కడుపు, పేగు కలిసిన చోట పుండ్లు పుట్టిస్తాయి. పారాసెటమాల్ వాడవచ్చు. పొగతాగడం కూడా అదే చోట పుండ్లు పుట్టిస్తుంది. ఇక షుగరు, బీపీ మందులు వాడేవారికి బరువు తగ్గకముందే మోతాదు తగ్గించవలసిన అవసరం రావచ్చు. పాత మోతాదే మింగుతూ ఆఫీసులో కళ్లు తిరిగి పడిపోయేవాళ్లు ఉంటారు. సొంతంగా మానేయకండి, సొంతంగా కొనసాగించకండి, డాక్టరుతో మాట్లాడి మార్చుకోండి.

ఇప్పుడు చెప్పేది ఇంట్లోవాళ్లు చెవిన పెట్టుకోవాలి. రెండు మూడు రోజులుగా వాంతులు ఆగకపోతే, “నీరసంగా ఉంది, దగ్గరలో గ్లూకోజు పెట్టిద్దాం” అని వీధి చివర క్లినిక్కుకు తీసుకెళ్లడం మన అలవాటు. వాంతుల వల్ల థయమిన్, అంటే విటమిన్ బి1, ఒంట్లో అడుగంటి ఉంటుంది. ఆ స్థితిలో థయమిన్ ఇవ్వకుండా గ్లూకోజు ఎక్కిస్తే మెదడు దెబ్బతినే ప్రమాదం ఉంది. రెండుగా కనబడటం, నడక తూలడం, మాట పొంతన లేకపోవడం దాని గుర్తులు. ఆపరేషన్ అయిందని ఆ డాక్టరుకు ముందే చెప్పండి, ముందు థయమిన్ ఇవ్వమని అడగండి, మీ సర్జన్‌కు ఫోను చేయండి. మొదటి వారాల్లో జ్వరం, నిమిషానికి 120 దాటిన నాడి, ఆయాసం, తగ్గని కడుపునొప్పి, ఎడమ భుజంలో నొప్పి, ఒక కాలి పిక్క వాయడం, వీటిలో ఏది కనబడినా ఆఫీసులో ఎవరు ఏమనుకుంటారోనని ఆగకండి. ఉన్నపళంగా ఆసుపత్రికి రండి.

జుట్టు మూడు నుంచి ఆరు నెలల మధ్య బాగా ఊడుతుంది, ప్రొటీన్, ఇనుము సరిగా అందితే మళ్లీ వస్తుంది. ఇంతకు మించి దాని గురించి బెంగ వద్దు.

ఇంటి సంగతికి వస్తాను. ఉద్యోగికి సెలవు ఉంటుంది, ఇల్లాలికి ఉండదు. ఆసుపత్రి నుంచి వచ్చిన మూడో రోజే పొయ్యి దగ్గర నిలబడతారు. నిండు గ్యాస్ బండ దాదాపు 30 కిలోలు ఉంటుంది. నీళ్ల క్యాను 20 కిలోలు. తడి బట్టల బకెట్టు, పప్పు రుబ్బిన గ్రైండరు గిన్నె, చంకలో రెండేళ్ల పిల్లవాడు, ఇవన్నీ బరువులే. ఆఫీసులో బరువులెత్తవద్దని రాసిచ్చిన సర్టిఫికెట్ వంటింటికీ వర్తిస్తుంది. 4 నుంచి 6 వారాలు ఈ పనులు ఇంకొకరు చేయాలి. ఆ ఇంకొకరు ఎవరో ఆపరేషన్‌కు ముందే ఇంట్లో కూర్చుని తేల్చుకోండి.

ఇంకా లోతైన విషయం ఒకటి ఉంది. మన ఇళ్లలో ఆడవాళ్లు అందరికీ వడ్డించి చివర్లో తింటారు. గిన్నెల్లో మిగిలింది తింటారు, పిల్లలు కంచంలో వదిలింది తింటారు. అన్నం పరబ్రహ్మ స్వరూపమని పెరిగిన మనిషికి పారేయడానికి చేయి రాదు. నేను ఆ సంస్కారాన్ని తప్పుపట్టను. కానీ అందరి తిండీ అయ్యాక రాత్రి పదింటికి చల్లారిన అన్నం, అడుగు పప్పు, తొందర తొందరగా తినడం ఈ కడుపుకు సరిపడదు. ఆవిడ ముందు తినాలి. అందరితో పాటు కూర్చుని, తన చిన్న కంచంలో, తన వేళకు, వేడిగా తినాలి. మిగిలింది ఫ్రిజ్‌లో పెట్టండి, మర్నాడు అక్కరకొస్తుంది. అత్తయ్యగారూ, ఈ ఒక్కటి మీరు నిలబెట్టగలరు. కోడలు ముందు తిన్నదని ఇంట్లో ఎవరూ ఒక్క మాట అనకుండా చూసే అధికారం మీకే ఉంది.

బలవంతపు వడ్డన కూడా ఆపాలి. ప్రేమతోనే వేస్తారు, నాకు తెలుసు. “ఇంకొక్క ముద్ద, నా మీద ఒట్టు” అంటారు. ఆ ముద్ద ఛాతీలో ఇరుక్కున్నప్పుడు బాధపడేది తిన్న మనిషి. పెళ్లిళ్లలో బంతి భోజనం మరీ కష్టం, వద్దనేలోపే విస్తరి నిండిపోతుంది. మొహమాటం లేకుండా, “ఈ మధ్య కడుపు ఆపరేషన్ అయింది, డాక్టరు కొంచెమే తినమన్నారు” అని చెప్పండి. అందులో ఒక్క అక్షరం అబద్ధం లేదు, ఇంకేం ఆపరేషన్ అని ఎవరికీ సంజాయిషీ ఇచ్చుకోనక్కర్లేదు.

ఆఫీసులోనూ అంతే. ఎవరికి ఎంత చెప్పాలన్నది పూర్తిగా మీ ఇష్టం. మీ అనుమతి లేకుండా మీ వైద్య వివరాలు ఇంకొకరితో పంచుకునే హక్కు మేనేజరుకు లేదు. మన సమాజంలో ఎవరైనా సన్నబడితే అభినందన కంటే ముందు అనుమానం వస్తుంది. “మొహం పీక్కుపోయింది, షుగరా? ఇంకేదైనా జబ్బా?” అని అడుగుతారు. అసలు సంగతి తెలిస్తే ఇంకో మాట అంటారు: “నోరు కట్టుకోలేక కడుపు కోయించుకున్నారు.” ఈ మాట విన్నప్పుడల్లా నాకు మనసు మండుతుంది. బరువు తగ్గితే శరీరం ఆకలి పెంచి, శక్తి ఖర్చు తగ్గించి, పోయిన బరువును తిరిగి తెచ్చుకోవాలని చూస్తుంది. ఏళ్ల తరబడి పస్తులుండి, నడిచి, తగ్గి, మళ్లీ పెరిగి విసిగిపోయిన మనుషులు మా దగ్గరికి వస్తారు. స్వీడన్‌లో 1987లో మొదలైన ఒక పెద్ద అధ్యయనం సుమారు 4,000 మందిని ఏళ్ల తరబడి గమనించింది. ఆపరేషన్ చేయించుకున్నవారిలో మరణాలు తక్కువగా ఉన్నాయని 2007లో ప్రకటించింది. ఇది అందం కోసం చేసే పని అని ఇంకా అనేవాళ్లు ఆ ఒక్క సంగతి గురించి ఆలోచించాలి.

హెచ్‌ఆర్ వారు ఇక్కడే ఉన్నారు కాబట్టి బీమా సంగతి కూడా చెబుతాను. మన దేశంలో బీమా నియంత్రణ సంస్థ 2019లో ఇచ్చిన మార్గదర్శకాల ప్రకారం, 18 ఏళ్లు నిండి, బీఎంఐ, అంటే ఎత్తుకు తగ్గ బరువు ఉందో లేదో చెప్పే అంకె, 40 లేదా అంతకంటే ఎక్కువ ఉన్నవారికి, లేకుంటే అది 35 గానీ అంతకు మించి గానీ ఉండి తీవ్రమైన గుండెజబ్బు, అదుపు తప్పిన మధుమేహం, తీవ్రమైన స్లీప్ ఆప్నియా (నిద్రలో శ్వాస ఆగే జబ్బు) వంటివి ఉన్నవారికే ఈ ఆపరేషన్‌కు బీమా వర్తిస్తుంది. 2022లో అంతర్జాతీయ సర్జన్ల సంఘాలు ఆ పరిమితిని తగ్గించాయి. జబ్బులు లేకపోయినా 35 చాలన్నాయి. ఆసియా వారికి అంతకంటే తక్కువ బరువులోనే మధుమేహం వస్తుంది కాబట్టి మనకు 27.5 నుంచే ఆలోచించవచ్చన్నాయి. ఈ రెండు పరిమితుల మధ్య ఉన్నవారు సొంత డబ్బుతోనే చేయించుకుంటున్నారు. ఆ తర్వాత జీవితాంతం మాత్రలు, రక్తపరీక్షలు కూడా వాళ్ల జేబులోంచే. ఉద్యోగులందరికీ కలిపి తీసుకునే గ్రూపు పాలసీలో ఏమేం చేర్చాలో మాట్లాడుకునే వీలు మీకు ఉంది. దాన్ని వాడండి.

రాత్రి షిఫ్టుల వారికి ఒక మాట. మాదాపూర్, గచ్చిబౌలి వైపు అర్ధరాత్రి దాకా పనిచేసేవాళ్లు “భోజనం వేళ” అనే మాటనే మరిచిపోతారు. మీరు నిద్ర లేచిన సమయమే మీ ఉదయం. అక్కడి నుంచి లెక్కపెట్టి, మూడు నాలుగు గంటలకోసారి తినే వేళలు రాసుకోండి. మొదటి మూడు నెలలు పగటి షిఫ్టు అడిగి తీసుకోగలిగితే అంతకంటే మంచిది లేదు. నిద్రలో శ్వాస ఆగే జబ్బుకు యంత్రం వాడుతున్నవారు, గురక తగ్గింది కదా అని దాన్ని మూలన పెట్టకండి, మళ్లీ పరీక్ష చేశాకే మానాలి.

ఆఫీసు విందుల్లో మద్యం గురించి దాపరికం లేకుండా చెప్పాలి. ఈ ఆపరేషన్ల తర్వాత, ముఖ్యంగా బైపాస్ తర్వాత, మద్యం చాలా త్వరగా రక్తంలోకి చేరుతుంది. ఇదివరకు తట్టుకున్నంత ఇప్పుడు తట్టుకోలేరు, ఒక గ్లాసుకే బండి నడపలేని స్థితి వస్తుంది. తిండితో దొరికిన ఊరట ఇప్పుడు దొరకదు కాబట్టి కొందరు దీనికి బానిసలవుతారు, అదీ మొదటి ఏడాదిలో కంటే రెండో ఏడాదిలో ఎక్కువగా. ఆ కోరిక పెరుగుతోందని అనిపించిన రోజునే మాతో చెప్పండి.

పెళ్లైన అమ్మాయిలకు: 12 నుంచి 18 నెలలు గర్భం రాకుండా చూసుకోవాలి. బరువు తగ్గగానే నెలసరి సక్రమమై గర్భం త్వరగా రావచ్చు, బైపాస్ తర్వాత గర్భం రాకుండా వాడే నోటి మాత్రల మీద పూర్తిగా ఆధారపడలేం, గైనకాలజిస్టును కలవండి. “విశేషం ఎప్పుడు?” అని అడిగే బంధువులకు జవాబు చెప్పే పని భర్తలు తీసుకోవాలి. ఉపవాసాలు, రంజాన్ రోజాలు మొదటి ఏడాది వద్దు. ఆ తర్వాత కూడా మమ్మల్ని అడిగే మొదలుపెట్టండి.

చివరగా, రెండో ఏడాది తర్వాత ఏమవుతుందో చెప్పాలి. ఆకలి కొంత తిరిగి వస్తుంది. తినగలిగే పరిమాణం కొంత పెరుగుతుంది. తగ్గిన బరువులో కొంత మళ్లీ రావడం చాలామందిలో జరుగుతుంది, మందులతో, ఆహారం సర్దుబాటుతో, అవసరమైతే ఇంకో చికిత్సతో దానికి దారులున్నాయి. అయితే సరిగ్గా ఆ సమయంలోనే మనుషులు మా దగ్గరికి రావడం మానేస్తారు. “ఇంత ఖర్చు పెట్టి మళ్లీ పెరిగాను, ఏ మొహం పెట్టుకుని రావాలి?” అనుకుంటారు. రెండు కిలోలు పెరిగినప్పుడు వస్తే నెలలో సర్దుకునే విషయం, ఇరవై కిలోలయ్యాక వస్తే ఎంత కష్టమో ఊహించుకోండి. అపాయింట్‌మెంటు తేదీ ఆఫీసు క్యాలెండరులో రాసిపెట్టుకోండి, ఆ పూట సెలవు ముందే అడగండి. ఇంట్లోవాళ్లూ, బరువు పెరిగిందని దెప్పకండి, ఆ రోజు వెంట రండి.

ఇప్పుడు ప్రశ్నలు అడగండి. మొదట వంట చేసేవాళ్లు, వడ్డించేవాళ్లు అడగాలి. ఆ తర్వాత హెచ్‌ఆర్ వారు. ఆపరేషన్ అయినవాళ్లతో విడిగా కూర్చుని మాట్లాడతాను, మీ రక్తపరీక్షల కాగితాలు తీసి సిద్ధంగా పెట్టుకోండి.